నూరో ఏట బెట్టీ సార్

మన పెద్దలు ‘నిండు నూరేళ్లు చల్లగా ఉండు’ అని దీవిస్తారు. 1926 జూలై 30న లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన నల్లజాతి అమెరికన్ కళాకారిణి బెట్టీ సార్ గారు 2025లో 99 నిండి ఆ నూరో ఏట అడుగుపెట్టారు. ముద్రణచిత్రాలు, నాటకాలకు దుస్తులు, కొలాజ్‌లు అన్నీ చేసినా, పాత సామాన్లను కూర్చి కథ చెప్పించడంలోనే ఆమె ప్రతిభంతా ఉంది.

చిన్నప్పుడు ఆ నగరంలోని వాట్స్ పేటలో నాయనమ్మ ఇంటికి వెళ్లినప్పుడు, పగిలిన పెంకులు, సీసా ముక్కలు, గవ్వలతో సైమన్ రోడియా అనే ఆయన గోపురాలు కట్టడం ఆమె కళ్లారా చూశారు. ఆ చూపు ఊరికే పోలేదు. 1968లో నల్లవాళ్ల హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ముగ్గురు ఆడపిల్లల తల్లి కావడంతో ఆమెకు నిరసన ఊరేగింపులకు వెళ్లే వీలు చిక్కలేదు. ఆ కోపంతోనే పాత సామాన్ల సంతల్లో నల్లవాళ్లను వెక్కిరించే బొమ్మలను, డబ్బాలను ఏరడం మొదలుపెట్టారు.

1972లో వచ్చింది ‘ఆంట్ జెమైమా విముక్తి’. అడుగు ఎత్తు కూడా లేని పెట్టె అది. వెనుక గోడ నిండా ఆంట్ జెమైమా పేరుతో అమ్మిన పాన్‌కేక్ పిండి డబ్బా మీది నల్లజాతి పనిమనిషి నవ్వుముఖం. ముందు, వంటింట్లో చీటీలు రాసుకునే పుస్తకం పెట్టుకోవడానికి అమ్మిన పనిమనిషి బొమ్మ. కాళ్ల దగ్గర పత్తి. చీపురు చేతిలోంచి తీసేయలేదు, దానికి తోడు తుపాకీ ఇచ్చారు. నల్లజాతి స్త్రీల ఉద్యమం ఈ పెట్టెతోనే మొదలైందని ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ అన్నారు. అమెరికాలో కాపురముండే మనవాళ్లు చాలామంది ఆ పిండి డబ్బాను దుకాణంలో చూసే ఉంటారు. దాని పేరు మారడానికి 2021 దాకా పట్టింది.

నా మనసు మాత్రం 1998 నాటి ‘వంగుతాను గాని విరగను’ దగ్గరే ఆగిపోతుంది. ఒక పాత ఇస్త్రీ బల్ల. దాని మీద బానిసలను వరసలుగా కుక్కిన బ్రూక్స్ ఓడ పటం. ఇస్త్రీపెట్టెకు గొలుసు. వెనుక తీగ మీద తెల్ల దుప్పటి, దాని మీద కుట్టిన మూడు అక్షరాలు, తెల్ల ముసుగుల్లో నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠావి. పగలు ఆ దుప్పటి ఉతికి ఇస్త్రీ చేసిన మనిషికి, రాత్రి దాన్ని ముసుగేసుకుని వచ్చేదెవరో తెలియదా? ఇంత అన్యాయాన్ని ఒక్క అరుపూ లేకుండా కళ్లకు కట్టడం సామాన్యమైన పని కాదు.

ఆమె కళలో ఉన్నది కోపం ఒక్కటే కాదు. అమ్మమ్మ వరసైన హాటీ 1974లో పోయాక, ఆవిడ వదిలిన రుమాళ్లు, పాత ఫొటోలతో చేసిన పెట్టెల్లో ఎంత ఆపేక్షో! పూర్వీకులంటే ఆమెకు ఎక్కడో ఆఫ్రికాలో ఉన్నవాళ్లే కాదు, ఆ రుమాళ్లు మడతపెట్టిన చేతులు కూడా.

97 ఏళ్ల వయసులోనూ, లాస్ ఏంజెలెస్ దగ్గరి హంటింగ్టన్ మ్యూజియంలో ఒక కళాకృతి కోసం అక్కడి తోటలో ఆకూ కొమ్మా ఏరించి, 17 అడుగుల పాత కొయ్య పడవ చుట్టూ పరిచారు. కూతుళ్లలో లెజ్లీ, అలిసన్ ఇద్దరూ పేరున్న కళాకారులు. బెట్టీ గారూ, మీకు మా నమస్కారాలు, నూరో ఏటి శుభాకాంక్షలు. మీ చేతి నుంచి ఇంకో పెట్టె రావాలని కోరుకుంటున్నాం.