పాకలో పండుగ: అస్సీసి ఫ్రాన్సిస్ జీవితం

డిసెంబరు వచ్చిందంటే మన గూడేల్లో పిల్లలు వెదురు చీల్చి నక్షత్రాలు కడతారు. చర్చి ముందు నాలుగు గుంజలు పాతి, పైన గడ్డి కప్పి చిన్న పాక వేస్తారు. అందులో బాలయేసు, మరియమ్మ, యోసేపు బొమ్మలు పెడతారు. పక్కన ఎద్దు, గాడిద ఉంటాయి. ఈ పాక వేసే అలవాటు లోకమంతా వ్యాపించడానికి ఇటలీలోని గ్రెచ్చో అనే కొండ ఊరిలో 1223లో జరిగిన ఒక క్రిస్మస్ రాత్రి ముఖ్య కారణం. ఆ రాత్రి పండుగ జరిపించినవాడు అస్సీసి ఫ్రాన్సిస్. ఆకలిగా వచ్చినవాణ్ణి ఎలా ఆదరించాలో ఆయన జీవితం చెబుతుంది. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాను.

ఫ్రాన్సిస్ 1181–82 ప్రాంతంలో అస్సీసి పట్టణంలో పుట్టాడు. తండ్రి పియెత్రో బెర్నార్దోనె పేరున్న బట్టల వ్యాపారి. తల్లి పేరు పీకా. ఇంట్లో డబ్బుకు కొదవ లేదు. కుర్రతనంలో ఫ్రాన్సిస్ స్నేహితులను వెంటేసుకుని విందులు చేసేవాడు. చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టేవాడు. అయితే ఆ విందులకు వచ్చేవాళ్లంతా కలిగినవాళ్లే.

1202లో అస్సీసికి, పొరుగున ఉన్న పెరూజా పట్టణానికి యుద్ధం జరిగింది. ఫ్రాన్సిస్ శత్రువులకు దొరికిపోయి దాదాపు ఏడాది చెరలో ఉన్నాడు. బయటికి వచ్చాక జబ్బుతో చాలా కాలం మంచం పట్టాడు. లేచి తిరగసాగాక పాత విందులు ఆయనకు రుచించలేదు. ఆ రోజుల్లోనే దారిలో ఒక కుష్ఠురోగి ఎదురుపడ్డాడు. అంతకుముందు కుష్ఠురోగుల నివాసాలు దూరాన కనబడితేనే ముక్కు మూసుకునే మనిషి, ఆ రోజు గుర్రం దిగి, రోగి చేతిలో డబ్బు పెట్టి, ఆ చేతిని ముద్దు పెట్టుకున్నాడు. తరువాత వాళ్ల మధ్యకే వెళ్లి పుండ్లు కడిగాడు. తన మనసు మారింది ఆ రోగుల దగ్గరేనని చివరి రోజుల్లో ఆయనే రాయించాడు.

పాడుబడిన సాన్ దమియానో గుడి బాగు చేయడానికి తండ్రి కొట్టులోని బట్టలు అమ్మేయడంతో ఇంట్లో గొడవ ముదిరింది. తండ్రి బిషప్ ముందు పంచాయితీ పెట్టాడు. ఫ్రాన్సిస్ డబ్బుతో పాటు ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చేశాడు. ఆ తరువాత గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కున్నాడు. పది ఇళ్ల మిగులు కలిసిన ఆ తిండి చూసి మొదటి రోజు కడుపులో తిప్పిందట. అయినా తిన్నాడు. అడుక్కునేవాడి సిగ్గు ఎలాంటిదో ఆయనకు పుస్తకాల్లో తెలిసింది కాదు.

క్రమంగా కొందరు ఆయన వెంట చేరారు. 1209లో వాళ్ల జీవన విధానానికి పోపు మూడవ ఇన్నోసెంట్ నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. అస్సీసి కింద రీవోతోర్తో అనే చోట ఒక ఇరుకు కొట్టంలో అందరూ కాపురం పెట్టారు. కఠినంగా ఉపవాసాలు ఉండేవాళ్లు. ఒక అర్ధరాత్రి ఒక సహోదరుడు ఆకలితో చచ్చిపోతున్నానని ఏడ్చాడు. ఫ్రాన్సిస్ లేచి దీపం వెలిగించి, ఉన్నదేదో తెచ్చి బల్ల మీద పెట్టించాడు. అతను ఒక్కడే తింటే సిగ్గుపడతాడని తానూ కూర్చున్నాడు, మిగతావాళ్లందరినీ లేపి కూర్చోబెట్టాడు. అందరూ కలిసి తిన్నారు. ఎవరి ఒంటి బలం ఎంతో చూసుకుని అంతే ఉపవాసం ఉండాలని తరువాత నచ్చజెప్పాడు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు నా తప్పు ఒకటి గుర్తొచ్చింది. వార్డెన్‌గా చేరిన మొదటి ఏడాది, భోజనాల దగ్గర నిలబడి ఇంకా ఆకలి ఉన్నవాళ్లు చెయ్యెత్తండని గట్టిగా అడిగేదాన్ని. ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అందరికీ సరిపోయిందనుకుని గిన్నెలు కడిగించేసేదాన్ని. ఒక రాత్రి మూడో తరగతి పాప దుప్పటి కింద ఏడుస్తుంటే కడుపునొప్పి అనుకుని మాత్ర ఇవ్వబోయాను. అది ఆకలి. కొత్తగా కొండ మీది నుంచి వచ్చిన పిల్ల, నలుగురిలో చెయ్యి ఎత్తలేకపోయింది. అడగడం కూడా ఒక్కోసారి అవమానించడమే అవుతుందని ఆ రాత్రి తెలిసింది. ఇప్పుడు నేను కూడా కంచం పెట్టుకుని పిల్లల వరుసలోనే కూర్చుంటాను. నేను రెండోసారి వడ్డించుకుంటే పక్కన ఉన్న పిల్ల కూడా వడ్డించుకుంటుంది.

ఫ్రాన్సిస్ ఆతిథ్యం మంచివాళ్లకే పరిమితం కాలేదు. బోర్గో సాన్ సెపోల్క్రో పట్టణం పైన కొండ మీద ఉన్న ఆశ్రమానికి దొంగలు రొట్టెల కోసం వచ్చేవాళ్లు. దారి కొట్టేవాళ్లకు పెట్టవచ్చా అని సహోదరులు వాదించుకున్నారు. ఫ్రాన్సిస్ మంచి రొట్టె, ద్రాక్షారసం తీసుకుని అడవిలోకి వెళ్లమన్నాడు. నేల మీద గుడ్డ పరిచి, సోదరులారా అని పిలిచి, దగ్గరుండి వడ్డించమన్నాడు. వాళ్లు తిన్నాకే ఒక చిన్న మాట అడగమన్నాడు: ఎవరినీ కొట్టవద్దని. మరోసారి గుడ్లు, జున్ను కూడా పట్టుకెళ్లమన్నాడు. కొన్నాళ్లకు ఆ దొంగలే ఆశ్రమానికి కట్టెలు మోసుకొచ్చారు. కొందరు ఆ జీవితమే వదిలేశారు.

ఆయన అతిథిగా వెళ్లిన చోటు కూడా చెప్పుకోవాలి. 1219లో క్రూసేడు యుద్ధం నడుస్తుండగా ఈజిప్టులోని డామియెట్టా దగ్గర, ఆయుధం లేకుండా గీత దాటి సుల్తాను అల్ కామిల్ శిబిరానికి వెళ్లాడు. సుల్తాను ఆయన చెప్పింది విని, మర్యాద చేసి, క్షేమంగా వెనక్కి పంపాడు. మతాలు వేరైన ఇద్దరు యుద్ధం మధ్యలో ఒకరినొకరు మనుషులుగా చూసుకున్నారు.

ఇక గ్రెచ్చో సంగతి. 1223 క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఆ ఊరి పెద్ద జొవాన్ని అనే ఆయనకు ఫ్రాన్సిస్ కబురు పెట్టాడు. బేత్లెహేములో పసిబిడ్డ పడిన లేమిని కళ్లారా చూడాలని ఉంది, పశువుల తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద సిద్ధం చేయమని కోరాడు. ఆ రాత్రి చుట్టుపక్కల జనం కాగడాలు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కారు. తొట్టి మీదుగానే పూజ జరిగింది. ఫ్రాన్సిస్ డీకన్ హోదాలో సువార్త పాడి, ఆ పేద పుట్టుక గురించి జనానికి చెప్పాడు. చోటు దొరకక పశువుల దగ్గర తలదాచుకున్న ఒక కుటుంబాన్ని తలుచుకునే రాత్రి అది. పండుగ అయ్యాక ఆ గడ్డిని దాచి, జబ్బు చేసిన పశువులకు పెడితే తగ్గిందని ఆయన జీవిత చరిత్ర రాసిన థామస్ చెలానో చెబుతాడు.

పండుగలన్నిటిలో ఫ్రాన్సిస్‌కు క్రిస్మస్ అంటేనే ఎక్కువ ప్రేమ. ఆ రోజు కలిగినవాళ్లు పేదలకు కడుపునిండా పెట్టాలని, ఎద్దుకు గాడిదకు మామూలు కంటే ఎక్కువ మేత వేయాలని, పిట్టల కోసం దారుల్లో గింజలు చల్లమని చక్రవర్తిని అడగాలని కోరుకునేవాడు. మరో పండుగనాడు గ్రెచ్చోలోనే సహోదరులు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి గాజు పాత్రలు పెట్టారు. అది చూసిన ఫ్రాన్సిస్ బయటికి వెళ్లి, ఒక పేదవాడి టోపీ, కర్ర తీసుకుని వచ్చి తలుపు దగ్గర బిచ్చం అడిగాడు. లోపలికి పిలిచాక నేల మీద కూర్చుని తిన్నాడు. పండుగ బల్ల ఎంత ఘనంగా ఉంటే పేదవాడికి గడప అంత ఎత్తుగా కనబడుతుందని వాళ్లకు అర్థమైంది.

చూపు దాదాపు పోయి, ఒళ్లు శిథిలమై, 1226 అక్టోబరు 3 సాయంత్రం ఆయన చనిపోయాడు. తన కోరిక ప్రకారం నేల మీదే పడుకోబెట్టారు. రెండేళ్లలోపే, 1228లో, పోపు తొమ్మిదవ గ్రెగరీ ఆయనను పునీతుడిగా ప్రకటించాడు.

మన పెద్దలకు ఫ్రాన్సిస్ పేరు తెలియదు. కానీ కొత్త పంట ఇంటికొస్తే పూర్వీకులకు పెట్టకుండా ముద్ద ఎత్తరు. పొద్దు గూకాక కొండ దిగి వచ్చిన బాటసారిని ఏ ఊరివాడివని అడిగే ముందు జావ ముంత అందిస్తారు. మన గూడేల్లో కొందరు చర్చికి వెళతారు, కొందరు గంగాలమ్మను కొలుస్తారు. ఈమధ్య ఒకరి పండుగకు ఇంకొకరు రావడం తగ్గుతోంది. అన్నదమ్ముల ఇళ్ల మధ్య కూడా ఆ దూరం కనబడుతోంది. ఈ క్రిస్మస్‌కు పాక వేసేటప్పుడు, పక్క ఇంటివాళ్లను గడ్డి కప్పడానికి పిలుద్దాం. వాళ్ల కొత్తల పండుగకు పిలుపు కోసం చూడకుండా మనమే వెళదాం. వాళ్లు వడ్డించింది తిని వద్దాం.