స్టీవ్ డొనహ్యూ: గుర్రం మనసు తెలిసిన జాకీ

ఈ నెల జీవిత కథ ఒక జాకీది. గుర్రప్పందాలంటే మన ఇళ్లలో అంత మంచి పేరేమీ లేదు. కొంపలు కూల్చే వ్యసనంగానే చాలామందికి తెలుసు. ఆ అభిప్రాయం మార్చుకోమని ఎవరినీ అడగడం లేదు. పందెం కాసేవాళ్లను కాసేపు పక్కన పెట్టి, గుర్రం మీద కూర్చున్న మనిషిని మాత్రం చూద్దాం.

రేసు గుర్రం బరువు దాదాపు 500 కిలోలు. దాని మీద ఎక్కే జాకీ బరువు 50 కిలోలకు కాస్త అటూఇటూ. ఇంత చిన్న మనిషి అంత పెద్ద జంతువును బలంతో లొంగదీయడం జరిగే పని కాదు. చేతిలో పగ్గాలు, మోకాళ్ల ఒత్తిడి, ఒంటి బరువును ముందుకో వెనక్కో జరపడం... గుర్రానికి ఏం చెప్పినా వీటితోనే చెప్పాలి. గుర్రం చెప్పేదీ వీటి ద్వారానే తెలుస్తుంది. ఊపిరి ఎలా ఆడుతోంది, చెవులు ఎటు తిరిగాయి, నోటితో కళ్లాన్ని లాగుతోందా వదిలేస్తోందా అన్నది చేతివేళ్లకు అందాలి. ఇంగ్లండ్‌లో ఈ విద్యలో స్టీవ్ డొనహ్యూకు ఉన్నంత పేరు చాలా కొద్దిమందికే ఉంది.

ఆయన 1884 నవంబరు 8న వారింగ్‌టన్ అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టాడు. తండ్రి ఉక్కు కార్మికుడు. ఇంట్లో గుర్రాలూ లేవు, గుర్రాలున్న బంధువులూ లేరు. పధ్నాలుగేళ్లకే ఇల్లు వదిలి ఒక పేరున్న గుర్రపుశాలలో పనికి కుదిరాడు. అక్కడ ఒక గుర్రం చేతిలోంచి తప్పించుకుపోయినందుకు ఒళ్లు హూనమయ్యేలా దెబ్బలు తిన్నాడు. అక్కణ్నుంచీ పారిపోయాడు. ఇంగ్లండ్‌లో అవకాశం దొరకక ఫ్రాన్స్ వెళ్లాడు. మొదటి గెలుపు కూడా అక్కడే, 1905లో. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. జాకీలు పదహారు, పదిహేడేళ్లకే పేరు తెచ్చుకునే రంగంలో అది ఆలస్యమే. ఆ తర్వాత ఐర్లండ్‌లో కొన్నేళ్లు గడిపి 1911లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు.

అక్కడ ఆయన చేతికి వచ్చిన గుర్రాల్లో ఒకటి ద టెట్రార్క్. బూడిదరంగు ఒంటి నిండా ఎవరో సున్నం చిలకరించినట్టు తెల్లని మచ్చలు. పిల్లలాడుకునే ఊగుడు గుర్రంలా ఉందని నవ్వినవాళ్లున్నారు. 1913లో అది ఏడు పందేలు పరిగెత్తింది, ఏడూ గెలిచింది. ఏడింటిలోనూ జాకీ డొనహ్యూయే. కాలికి గాయమై మళ్లీ మైదానంలోకి రాలేదు గాని, రౌతు పేరు మాత్రం దేశమంతా తెలిసిపోయింది. 1914 నుంచి 1923 వరకు వరుసగా పదేళ్లు ఇంగ్లండ్ ఛాంపియన్ జాకీ ఆయనే. చివరి ఏడాది మాత్రం ఆ గౌరవాన్ని ఇంకొకరితో పంచుకున్నాడు.

డెర్బీ గురించి రెండు మాటలు. ఇది మూడేళ్ల గుర్రాలకు జరిగే పందెం. ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కసారే అవకాశం. లండన్ దగ్గర ఎప్సమ్‌లో, సుమారు రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల దూరం. మొదట ఎగువకు ఎక్కాలి, తర్వాత దిగువకు దిగాలి. ఆ దిగుడులోనే టాటెన్‌హామ్ కార్నర్ అనే ఎడమ మలుపు ఉంటుంది. కాళ్లు పొడుగ్గా ఉన్న, భయపడే గుర్రాలు అక్కడ తడబడతాయి. మిగతా జాకీలు కాస్త పగ్గాలు బిగించే ఆ చోటే డొనహ్యూకు కలిసొచ్చేది. అంచు కంచెను ఆనుకుని, గుర్రాన్ని బెదరనివ్వకుండా, జారుడుబల్ల మీద జారినంత తేలిగ్గా దింపుకొచ్చేవాడు. 1915లో పామర్న్ మీద, 1917లో గే క్రూసేడర్ మీద డెర్బీ గెలిచాడు. అయితే యుద్ధకాలం కావడంతో ఆ రెండూ ఎప్సమ్‌లో కాక న్యూమార్కెట్‌లో జరిగాయి.

1921లో ఆయన ఎక్కిన గుర్రం పేరు హ్యూమరిస్ట్. పెద్ద ఇంటి బిడ్డే. దాని తల్లి జెస్ట్ 1913లో ఓక్స్ గెలిచింది. చూపులకు ముచ్చటైన గుర్రం, స్వభావమూ మెత్తన. అయితే ఒకరోజు ఉన్నట్టు మరోరోజు ఉండేది కాదు. ఒకనాడు ఉత్సాహంతో గంతులేసేది, మరునాడు తల వేలాడేసేది. ఆ వసంతంలో టూ థౌజండ్ గినీస్ అనే పెద్ద పందెంలో గెలుస్తుందనిపించేంతగా ముందుకొచ్చి, చివర్లో ఒక్కసారిగా చల్లబడి మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

చూసినవాళ్లు వెంటనే తీర్పు చెప్పేశారు. సత్తా ఉంది గాని గుండె లేదన్నారు. కష్టం వచ్చేసరికి చేతులెత్తేసే రకం అన్నారు. ఈ మాటలు మనకు కొత్త కావు. తెలివి ఉంది, శ్రద్ధే లేదు అని ప్రోగ్రెస్ కార్డు మీద చదివినప్పుడు ఇంటికొచ్చి మనం పిల్లలతో మాట్లాడే మాటలకు ఇవి దగ్గరి చుట్టాలే.

డొనహ్యూ ఆ తీర్పుతో ఏకీభవించలేదు. గుర్రం మీద కూర్చున్నది ఆయన కాబట్టి స్టాండ్‌లో ఉన్నవాళ్లకు తెలియనిది ఆయనకు తెలిసింది. అది పరుగు మానేయాలనుకుని మానేయలేదు. పరిగెత్తాలన్న కోరిక చివరిదాకా ఉంది, ఒళ్లే సహకరించలేదు. ఎక్కడో ఏదో బాగోలేదు. అదేమిటో ఆయనకూ తెలియదు, లెట్‌కోంబ్ రీజిస్‌లో దాన్ని పెంచుతున్న ట్రైనర్ చార్లెస్ మార్టన్‌కూ తెలియదు. ఆ ఏడు డొనహ్యూకు వేరే యజమానితో ఒప్పందం ఉంది. దాన్నుంచి విడిపించుకుని మరీ డెర్బీకి హ్యూమరిస్ట్‌నే ఎక్కాడు.

జూన్ 1న ఎప్సమ్‌లో ఆయన దాన్ని అద్దం పెట్టెను మోసినంత జాగ్రత్తగా నడిపాడు. మలుపు దగ్గర కంచె పక్కన దగ్గరిదారి పట్టి, ఒక్క అడుగు కూడా వృథా కానివ్వలేదు. ఆఖరి మలుపు తిరిగాక ముందుకొచ్చింది. గినీస్‌లో దాన్ని ఓడించిన క్రెయిగ్ ఆన్ ఎరాన్ పక్కకొచ్చి నిలిచింది. అందరూ అనుకున్నట్టు హ్యూమరిస్ట్ చేతులెత్తేయాల్సిన చోటు అదే. ఎత్తేయలేదు. డొనహ్యూ చేతులతోనే దాన్ని నిలబెట్టి, గీత దాకా తీసుకొచ్చాడు. ఒక మెడ తేడాతో గెలుపు.

నెల తిరగకుండానే హ్యూమరిస్ట్ తన కొట్టంలో చచ్చిపడి ఉంది. చుట్టూ రక్తం. ప్రసిద్ధ చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ మన్నింగ్స్ సరిగ్గా ఆ రోజుల్లోనే దాని బొమ్మ గీయడానికి అక్కడికి వచ్చి ఉన్నాడు. పశువైద్యులు కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో క్షయ. ఎప్పటినుంచో ముదురుతూ వచ్చిన జబ్బు. గినీస్‌లో చల్లబడినప్పుడూ, డెర్బీలో గెలిచినప్పుడూ అది చెడిన ఊపిరితిత్తులతోనే పరిగెత్తింది. గుండె లేదన్నవాళ్లకు ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

ఈ కథలో నాకు కాస్త ఇబ్బందిగా ఉండే సంగతి ఒకటుంది. ఏదో బాగోలేదని పసిగట్టిన మనిషి కూడా ఆ గుర్రాన్ని పందెంలోకి దించాడు. జబ్బు పేరు తెలిసుంటే ఎక్కేవాడా అన్నదానికి జవాబు మనకు దొరకదు. ప్రేమించినవాళ్లు కూడా పోటీ ముందు నిలబడ్డప్పుడు చూడవలసినంతా చూడరు. ఆయన మాత్రం ఆ గుర్రాన్ని బతికినన్నాళ్లూ మరచిపోలేదు. తాను ఎక్కిన వాటిలో దానంత ధైర్యమున్నది లేదన్నట్టుగానే దాని గురించి చెప్పుకునేవాడు.

1922లో కెప్టెన్ కటిల్, 1923లో పపైరస్. అంటే వరుసగా మూడు డెర్బీలు. 1925లో మానాతో ఆరోది. ఆయన్ని పేరుపెట్టి రమ్మని జనం వేసే కేక పందెపు మైదానం దాటి వీధుల్లోకి, పిల్లల ఆటల్లోకి పాకింది. లండన్–ఎడిన్‌బరో మార్గంలో రైళ్లు నడిపే కంపెనీ తన పెద్ద ఆవిరి ఇంజన్లకు గెలిచిన గుర్రాల పేర్లు పెట్టేది. వాటిలో హ్యూమరిస్ట్ ఉంది, పపైరస్ కూడా ఉంది. ఆ పపైరస్ ఇంజను 1935లో గంటకు 108 మైళ్ల వేగం అందుకుంది. గుర్రం పపైరస్ మాత్రం 1923లో సముద్రం దాటి అమెరికా వెళ్లి, జెవ్ అనే గుర్రంతో ముఖాముఖి పోటీలో బురద నేల మీద ఘోరంగా ఓడింది.

డొనహ్యూ మచ్చలేని మనిషేమీ కాదు. నచ్చిన గుర్రం కనిపిస్తే చేసుకున్న ఒప్పందం గుర్తుండేది కాదు. పెద్ద పెద్ద యజమానులు ఆయనతో విసిగిపోయారు. గొప్పగా సంపాదించాడు, అడిగినవాడికల్లా ఇచ్చాడు, లెక్క చూసుకోలేదు, అప్పులపాలయ్యాడు. గుర్రాన్ని చదివినంత బాగా బ్యాంకు పాసుబుక్కు చదవలేకపోయాడు. నలభై దాటాక ఇక అయిపోయాడనే అనుకున్నారు.

సరిగ్గా అప్పుడు బ్రౌన్ జాక్ వచ్చింది. 1924లో ఐర్లండ్‌లో పుట్టిన గుర్రం. దాని మీద ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోలేదు. కంచెలు దూకే పందేల కోసం 750 పౌండ్లకు కొన్నారు. ఆ పందేల్లోనూ బాగానే రాణించి 1928లో చెల్టెన్‌హామ్‌లో ఛాంపియన్ హర్డిల్ గెలిచింది. ఆ రోజు చూడటానికి వచ్చిన డొనహ్యూ, ఇది కంచెలు లేని మైదానంలోనూ గెలుస్తుందని, అక్కడ తానే ఎక్కుతానని ట్రైనర్ ఆబ్రీ హేస్టింగ్స్‌తో చెప్పాడు. అదే ఏడు జూన్‌లో ఆస్కాట్ స్టేక్స్‌లో మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడు హేస్టింగ్స్ చనిపోయాడు. గుర్రం బాధ్యత ఐవర్ ఆంథొనీ తీసుకున్నాడు.

ఆస్కాట్‌లో జూన్ నెలలో క్వీన్ అలెగ్జాండ్రా స్టేక్స్ అని ఒక పందెం ఉంది. దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, డెర్బీకి ఇంచుమించు రెట్టింపు దూరం. వేగం కన్నా ఓపికకు పరీక్ష. బ్రౌన్ జాక్‌ది నిదానమైన ఒళ్లు, తనకంటూ ఇష్టాయిష్టాలున్న మనసు. అందరినీ దాటి ముందుకొచ్చాక ఇక పని అయిపోయిందన్నట్టు చెవులు నిక్కించి చుట్టూ చూసేది. మరీ ముందే వదిలితే సోమరితనం చేస్తుంది, మరీ పట్టి ఉంచితే చిరాకు పడుతుంది. ఇతర జాకీలూ దాన్ని ఎక్కారు, గెలిచారు కూడా. అయితే దాని తిక్కను సరిదిద్దాలని చూడకుండా, ఆ తిక్కకు తగ్గట్టే పందెం నడిపినవాడు డొనహ్యూ. కొరడా జోలికి పోయేవాడు కాదు. ఎక్కడ నిద్రపోనివ్వాలో, ఎక్కడ భుజం తట్టి లేపాలో ఆయనకు తెలుసు.

1929లో ఆ పందెం గెలిచారు. 1930లో గెలిచారు. 1931, 1932, 1933లోనూ వాళ్లే. ఏటా అదే మైదానం, అదే గుర్రం, అదే జాకీ. జనానికి అది పందెం కన్నా కుటుంబంలో ఏటా జరిగే వేడుకలా అయిపోయింది. గెలిచి తిరిగొస్తూ బ్రౌన్ జాక్ ఆగి జనం వైపు చూసేదని, చప్పట్లు వింటోందని అందరూ నమ్మేవారు.

1934 జూన్ నాటికి గుర్రానికి పదేళ్లు, జాకీకి యాభైకి దగ్గర. రేసు గుర్రాలు చాలా వరకు మూడు, నాలుగేళ్లకే విశ్రాంతికి వెళ్తాయి. పదేళ్లంటే తాత వయసే. అదే చివరి పందెమని అందరికీ తెలుసు. ఐవర్ ఆంథొనీకి చూసే ధైర్యం చాలక, పందెం జరుగుతున్నంతసేపూ ఒక చెట్టు కింద ఒంటరిగా కూర్చుండిపోయాడు. చివరి మలుపు తిరిగాక సోలేషియం అనే గుర్రం పక్కన నిలిచి వదల్లేదు. రెండూ సమంగా వచ్చాయి. అప్పుడు డొనహ్యూ అడిగాడు, బ్రౌన్ జాక్ ఇచ్చింది. రెండు గుర్రాల నిడివి తేడాతో ఆరోసారి గెలిచింది. టోపీలు గాల్లోకి లేచాయి. మర్యాదకు మారుపేరైన ఆస్కాట్‌లో పెద్దమనుషులు, పట్టు గౌన్ల ఆడవాళ్లు గుర్రాన్ని చూడటానికి ఒకర్నొకరు తోసుకుంటూ పరిగెత్తారు. చెట్టు కింద కూర్చున్న ట్రైనర్‌కు ఆ హోరు విన్నాకే ఫలితం తెలిసింది. ఆరు డెర్బీలు గెలిచిన మనిషికి ఆ సాయంత్రం దక్కిన ఆనందం వాటిలో ఏదీ ఇవ్వలేదు.

డొనహ్యూ 1937 దాకా స్వారీ చేశాడు. ఆ ఆఖరి ఏడాదిలోనూ ఎగ్జిబిషనిస్ట్ అనే ఆడగుర్రం మీద ఓక్స్ గెలిచాడు. తర్వాత ట్రైనర్‌గా ప్రయత్నించాడు గాని కలిసి రాలేదు. 1945 మార్చిలో లండన్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు. సొంత ఊరు వారింగ్‌టన్‌లోనే ఆయన్ని ఖననం చేశారు.

బ్రౌన్ జాక్ ఆయన తర్వాత మూడేళ్లు బతికింది. హ్యూమరిస్ట్ బొమ్మ గీసిన మన్నింగ్సే దానికి చిన్న కంచు విగ్రహం చేశాడు. అది ఇప్పటికీ ఆస్కాట్‌లో ఉంది.