సినిమాను తూకం వేసిన తెనాలి మనిషి

మన అమ్మానాన్నలు చిన్నప్పుడు ఎదురుచూసిన ‘చందమామ’ను 1952 నుంచి దాదాపు ఇరవై ఎనిమిదేళ్లు నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారని చాలామందికి తెలియదు. పత్రిక మీద ఆయన పేరు ఉండేది కాదు మరి. కథకుడిగా, నవలాకారుడిగా తెలిసినవాళ్లకు కూడా ఆయన గొప్ప సినిమా విమర్శకుడని తెలియకపోవచ్చు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

ఆయన 1909లో తెనాలిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. గుంటూరులో ఇంటర్మీడియట్, విజయనగరం మహారాజా కళాశాలలో ఫిజిక్సుతో బి.ఏ. అయ్యాక, ఎమ్మెస్సీకి కాశీ విశ్వవిద్యాలయం వెళ్లారు. అంతలో 1930 నాటి ఆర్థికమాంద్యం వచ్చిపడింది. చదువు మధ్యలో ఆగిపోయింది. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ధాన్యం ధర పడిపోయిన ఏడు మా ఇంట్లో నా ఫీజు గురించి జరిగిన మాటలు గుర్తొచ్చాయి. నా చదువు ఆగలేదు, అరెకరం పోయింది.

ఆ తర్వాత ఆయన గుమాస్తాగా, టీచరుగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా పనిచేశారు. ‘ఆంధ్రపత్రిక’ వీక్లీలో, కొన్నినెలలు ‘కినిమా’ పత్రికలో ఉన్నారు. సినిమాల గురించి విరివిగా వ్రాశారు.

ఆయన విమర్శలో తారల భజన ఉండదు. నాటకాన్ని తెచ్చి కెమెరా ముందు నిలబెడితే సినిమా కాదనేది ఆయన పట్టుదల. కథలో మనుషులు మనం చూసే మనుషుల్లా నడుచుకుంటున్నారా అని చూసేవారు. అంతకంటే ముఖ్యం, డబ్బు ఎవరు పెట్టారు, లాభం ఎవరికి అని అడిగేవారు. మన డెల్టావాళ్లకు ఇది కొత్త ప్రశ్నేం కాదు. గూడవల్లి రామబ్రహ్మం గారి ‘రైతుబిడ్డ’ 1939లో జమీందారులకు కోపం తెప్పించింది, కాని దాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారే! విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు వరసగా వెలిసిన కాలంలో ఇలాంటి చిక్కులు ఎన్నో.

జనానికి ఇదే కావాలి కాబట్టి ఇలాగే తీస్తున్నాం అనే నిర్మాతల వాదాన్ని మాత్రం ఆయన అసలు ఒప్పుకోలేదు. ఇక్కడ ఆయన మరీ కఠినులేమో అనిపించింది నాకు. నాట్లకెళ్లి నడుం విరిగి వచ్చినవాడికి రెండు పాటలు, ఒక ఫైటు చాలవా అని తాతయ్యతో అన్నాను. తాతయ్యకు కోపం వచ్చింది. టూరింగ్ టాకీసులో నేలటిక్కెట్టువాడికి మంచిచెడ్డలు తెలియవనుకున్నావా అని, ‘రోజులు మారాయి’ మళ్లీ వచ్చినప్పుడల్లా ఊరు ఊరంతా బళ్లు కట్టుకుని వెళ్లిన సంగతి చెప్పాడు. తాతయ్య కుటుంబరావు గారిని ఒక్క అక్షరం చదవలేదు.

1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు ఆయన ఉపాధ్యక్షులయ్యారు. అయినా చందమామ ఉద్యోగం వదల్లేదు. పగలు బేతాళుడు, రాత్రి విప్లవం అని మా స్నేహితుడొకడు నవ్వాడు కాని, పిల్లలకు వాడుకభాషలో తేటగా కథ చెప్పడం చిన్న పనేం కాదు. 1980 ఆగస్టు 17న మద్రాసులో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆయన రచనల్ని తర్వాత విజయవాడ విశాలాంధ్రవారు కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో సంపుటాలుగా వేశారు.

ఆయన కుమారుడు రోహిణీప్రసాద్ గారు ఫిజిక్సే చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేశారు.