రైతు గోడు లండను దాకా వినిపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి

నెల్లూరులో రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగినవారు స్టేషను బయటికి వచ్చి తూర్పు ముఖంగా నడిస్తే కాసేపటికి జార్జిటౌన్‌లో పడతారు. పెళ్ళి బట్టలకు, పాత్ర సామానుకు, నగలకు మన జిల్లా పల్లెల వాళ్ళు తరతరాలుగా వెళ్ళి వస్తున్న చోటు అది. కొత్వాల్ చావడి మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా మన వైపు కాయగూరల వ్యాపారులకు అది కొట్టినపిండి. అమరజీవి పొట్టి శ్రీరాములు 1901లో పుట్టింది ఈ జార్జిటౌన్‌లోని అన్నాపిళ్ళై వీధిలోనే. ఆయన పుట్టుకకు సరిగ్గా తొంభై అయిదేళ్ళ ముందు అదే చెన్నపట్నంలో మరో తెలుగువాడు పుట్టాడు. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. శిస్తు కట్టలేని రైతును కట్టేసి కొట్టే రోజుల్లో ఆ సంగతిని ఇంగ్లండు పార్లమెంటు దాకా తీసుకెళ్ళిన వర్తకుడు ఆయన.

ఆయన కథ తెలియాలంటే ముందు ఆ పేట సంగతి కొంత తెలియాలి. 1639లో దామర్ల నాయకుల వద్ద అనుమతి పొంది ఇంగ్లీషు కంపెనీ సముద్రపుటొడ్డున కోట కట్టుకుంది. కాళహస్తి దామర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీదనే ఆ ఊరు చెన్నపట్నమైంది. కంపెనీకి కావలసింది బట్ట. అందుకని నేతగాళ్ళను, అద్దకం పనివాళ్ళను, దుబాసీలను, షావుకార్లను పిలిచి కోటకు ఉత్తరంగా నివాసాలు ఏర్పరిచింది. కోటలో తెల్లవాళ్ళు, బయట మిగిలిన అందరూ. బయటి ఊరిని ఇంగ్లీషువాళ్ళు బ్లాక్ టౌన్ అన్నారు, అంటే నల్లవారి పట్టణం. జార్జిటౌన్ అన్న పేరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అయిదవ జార్జి చక్రవర్తి పేరిట పెట్టింది.

ఇప్పుడు మనం చూసే పేట మొదటిది కాదు. మొదటి ఊరు కోట గోడకు ఆనుకుని ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు చెన్నపట్నాన్ని పట్టుకున్నప్పుడు కొంత, తరవాత ఇంగ్లీషువాళ్ళు కొంత, ఫిరంగి గుళ్ళకు అడ్డం లేకుండా ఉండాలని ఆ ఊరిని నేలమట్టం చేశారు. అందులో ఊరి గుడి కూడా పోయింది. ఈనాడు హైకోర్టు భవనాలున్నది ఆ పాడుపడిన ఊరి మీదనే. పోయిన గుడికి బదులుగా పూల బజారు దగ్గర చెన్నకేశవ పెరుమాళ్ళకు, చెన్నమల్లీశ్వరుడికి పక్కపక్కనే ఆలయాలు లేచాయి. ఈ హద్దు దాటి ఇళ్ళు కట్టరాదని కంపెనీ పదమూడు రాళ్ళు పాతించింది. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నరు వద్ద ఇంకా నిలిచి ఉంది. హడావుడిలో ఎవరూ దాని వైపు చూడరు గాని, చూడదగిన రాయి.

కొత్త ఊరికి రెండు పేటలు. పడమట పెద్దనాయకన్‌పేట, తూర్పున ముత్యాలపేట. మధ్యలో పారిన మురుగు కాలువను పూడ్చి పోపామ్ అనే ఇంగ్లీషు వకీలు వేయించిన బాటే నేటి బ్రాడ్‌వే. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అంటూ ఏ వీధిలో ఎవరి ఊరేగింపు వెళ్ళాలన్న దానిపై ఇక్కడ తలలు పగిలిన రోజులున్నాయి. 1707లో అయితే కంపెనీ గవర్నరే కూర్చుని పంచాయితీ చేయవలసి వచ్చింది.

ఇన్ని తగాదాల నడుమ కూడా ఈ పేట పెరిగిందంటే వర్తకం చలవే. ఆర్మీనియా దేశస్థులు వచ్చి వీధి కట్టుకున్నారు. 1772 నాటి వారి చర్చి ఆర్మీనియన్ వీధిలో ఈనాటికీ ఉంది. ఆర్మీనియను భాషలో ప్రపంచంలో మొట్టమొదటి పత్రిక 1794లో అచ్చయింది వారి దేశంలో కాదు, చెన్నపట్నంలో. యూదులు మధ్యధరా సముద్రపు పగడాలు తెచ్చి అమ్మి, మన కృష్ణ ఒడ్డు గనుల వజ్రాలు కొనుక్కుపోయారు. పగడాల వర్తకుల వీధి అన్న పేరు అలా మిగిలింది. గుజరాతీలు, మార్వాడీలు షావుకారుపేటలో స్థిరపడ్డారు. కొత్వాల్ చావడిలో మన ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి ఆలయం, తంబుచెట్టి వీధిలో కాళికాంబ గుడి, రాసప్పచెట్టి వీధిలో కందస్వామి కోవెల, వాటికి కూతవేటు దూరంలో మసీదులు, చర్చీలు. కాళ్ళలో ఓపిక ఉంటే ఒక్క పూటలో ఇవన్నీ చూసి రావచ్చు.

ఇటువంటి వర్తకుల పట్నంలో 1806లో లక్ష్మీనరసు శెట్టి జన్మించారు. తండ్రి సిద్ధులు శెట్టి, గాజుల బలిజ కులస్థుడు. బట్టలు, నీలిమందు వ్యాపారం. ఆ కాలంలో కడప, నెల్లూరు సీమల్లో నీలిమందు పండించి మద్రాసు రేవు నుంచి ఓడలకెక్కించేవారు. చదువు పెద్దగా సాగలేదు. చిన్ననాడే కొట్టులో కూర్చున్నారు. తండ్రి చూపిన దారిలో వ్యాపారం పెంచి బాగా గడించారు. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఈనాడు ఎవరికీ తెలిసేది కాదు.

1844లో ఆయన ఒక చిన్న ఇంగ్లీషు పత్రికను కొని దానికి క్రెసెంట్ అని పేరు పెట్టారు. సంపాదకుడిగా హార్లీ అనే ఇంగ్లీషువాణ్ణే నియమించారు. దొరల పాలన మీద దొరల భాషలోనే, ఒక దొర చేతనే విమర్శ రాయించడం వర్తకుడి తెలివి. ప్రభుత్వానికి ఇది కంటగింపయింది. కొత్త పత్రిక వస్తోందన్న ప్రకటనను సర్కారు గెజెట్టులో వేయడానికి కూడా నిరాకరించారు. మతం మారినవారి ఆస్తి హక్కు, సర్కారు బడుల్లో బైబిలు బోధన మొదలైన విషయాలపై ఆనాడు పెద్ద వివాదం నడుస్తోంది. వాటిలో శెట్టిగారు హిందువుల తరఫున నిలిచారు. అధికారుల కంట్లో నలుసుగా మారడానికి అదొక కారణం. అయితే ఆయన చేసిన అసలు పని ఆ తరవాతది, రైతులకు సంబంధించినది.

అప్పుడు మన జిల్లాతో సహా తెలుగు జిల్లాలన్నీ, నిజాం ఏలుబడిలోవి తప్ప, మద్రాసు ప్రభుత్వం కిందనే ఉండేవి. ఎక్కువ చోట్ల రైత్వారీ పద్ధతి. పంటలో సుమారు సగం సర్కారు శిస్తు. వాన పడ్డా పడకపోయినా కట్టాలి. 1832-33 నందన కరువులో గుంటూరు, నెల్లూరు ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయిన సంగతి పెద్దలు చెప్పగా విన్నవారు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. కరువు వెళ్ళిపోయినా శిస్తు బకాయి వెళ్ళిపోదు గదా.

దీనికి తోడు 1816 నుంచి మరో చిక్కు. శిస్తు వసూలు చేసే తాసిల్దారు చేతికే పోలీసు అధికారం కూడా ఇచ్చారు. ఊళ్ళో మునసబుదీ అదే తీరు. బంట్రోతు కొట్టాడని రైతు ఫిర్యాదు చేయాలంటే ఆ బంట్రోతును పంపినవాడి దగ్గరికే వెళ్ళాలి. కలెక్టరు దొర ఎక్కడో దూరాన ఉంటాడు. ఆయన ముందుకు వెళ్ళే దారిలో కచేరీ గుమాస్తాలుంటారు. వాళ్ళూ తాసిల్దారు మనుషులే.

1852లో లక్ష్మీనరసు శెట్టి కొందరు పట్నం పెద్దలను కూడగట్టి మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే సంఘం పెట్టారు. ఆ మరుసటి ఏడు కంపెనీ పట్టాను పార్లమెంటు మళ్ళీ పరిశీలించవలసి ఉంది. అదను చూసి సంఘం పెద్ద మహజరు పంపింది. శిస్తు భారం, కోర్టుల ఆలస్యం, రోడ్ల లేమి, చదువు లేమి అన్నీ అందులో ఏకరువు పెట్టింది. పార్లమెంటులో దానిపై మాటలు నడిచాయి. పట్టా మాత్రం కంపెనీకే దక్కింది.

శెట్టిగారు అంతటితో ఊరుకోలేదు. 1853లో హెన్రీ డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు స్వయంగా పరిస్థితులు చూడడానికి మద్రాసు వచ్చాడు. భారతదేశపు పాలనలో సంస్కరణలు రావాలని లండనులో ఏర్పడిన సంఘానికి ఆయన అధ్యక్షుడు. పట్నంలో విందులిచ్చి, గుళ్ళూ గోపురాలూ చూపి పంపితే అతిథి మర్యాద తీరేది. లక్ష్మీనరసు శెట్టి ఆయన వెంట తానే బయల్దేరి పల్లెలకు తీసుకుపోయారు. కడలూరు, కుంభకోణం, తిరుచిరాపల్లి వైపు తిరిగారు. రైతులను దొర ముందు నిలబెట్టారు. శిస్తు కోసం తమను ఏమి చేస్తారో వాళ్ళ నోటితోనే చెప్పించారు. రైలు లేని రోజులు. ఆ ప్రయాణమంతా ఎంత శ్రమో, ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు.

1854 జులైలో మద్రాసు రైతుల సంగతి కామన్స్ సభలో చర్చకు వచ్చింది. తాను విన్నదీ కన్నదీ సేమూర్ సభలో బయటపెట్టాడు. శిస్తు కోసం చిత్రహింసలు జరుగుతున్నాయన్న మాట విని సభ్యులు నిర్ఘాంతపోయారు. కంపెనీ పెద్దలు అటువంటిదేమీ లేదన్నారు. చివరికి విచారణ తప్పలేదు. అదే ఏడు మద్రాసులో ముగ్గురితో కమిషను వేశారు. వారు మద్రాసు మేజిస్ట్రేటు ఎలియట్, స్టోక్స్ అనే ఉద్యోగి, జాన్ బ్రూస్ నార్టన్ అనే వకీలు.

కమిషనుకు పందొమ్మిది వందలకు పైగా ఫిర్యాదులు అందాయి. అయిదు వందల మందికి పైగా స్వయంగా వచ్చి చెప్పుకున్నారు. వందల మైళ్ళు నడిచి వచ్చినవారు వారిలో ఉన్నారు. ఇల్లు విడిచి, పొలం విడిచి, ఊరికి తిరిగి వెళితే ఏమవుతుందోనన్న భయం విడిచి రావాలి. రాలేనివాళ్ళు ఎందరో ఆ అంకెలను బట్టే తెలుస్తుంది.

1855లో వెలువడిన నివేదికలో రెండు తెలుగు మాటలున్నాయి. ఒకటి చీరట. ఒక చివర కలిపి కట్టిన రెండు కర్రల మధ్య వేళ్ళు పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కడం. రెండోది గింగేరి. మనిషిని వంచి, మెడకూ కాలివేళ్ళకూ కలిపి తాడుతోనో వాడి పైబట్టతోనో కట్టి అలాగే వదిలేయడం. తమిళంలో వీటికి వేరే పేర్లు. రెండు భాషల్లోనూ పేర్లుండేంత మామూలయిపోయాయన్నమాట. ఇవి కాక ఎండలో నిలబెట్టడం, వంగిన వీపు మీద రాయి పెట్టడం, చెవులు మెలిపెట్టడం, తిండీ నిద్రా లేకుండా చేయడం జరుగుతున్నట్టు కమిషను తేల్చింది. కోట్ల బకాయిల కోసం కాదు, కొద్దిపాటి శిస్తుల కోసం.

తప్పంతా కింది నౌకర్లదేనని, తెల్ల ఉద్యోగులకు ఇందులో పాలు లేదని కూడా నివేదిక రాసింది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది? శిస్తు నిర్ణయించింది కలెక్టర్లు. వసూలు తగ్గితే తాసిల్దారును నిలదీసేదీ వాళ్ళే. బంట్రోతు చేతిలో చీరట ఉంటే ఆ చేతిని తోసిన చేయి మరొకటి ఉండక తప్పదు. అయినా జరుగుతున్నది నిజమేనని సర్కారు కాగితం మీదనే అచ్చు కావడం చిన్న సంగతి కాదు. రెండేళ్ళ తరవాత, సిపాయిల తిరుగుబాటు రోజుల్లో, కారల్ మార్క్స్ ఈ నివేదికను తీసుకుని అమెరికా పత్రికలో వ్యాసం రాశాడు.

శిస్తు వసూలు, పోలీసు పని ఒకే చేతిలో ఉండరాదని కమిషను సిఫారసు చేసింది. 1859 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో పోలీసుశాఖ వేరైంది. తాసిల్దారు కచేరీ వేరు, పోలీసు ఠాణా వేరు అన్న ఏర్పాటు మన ఊళ్ళకు అలా వచ్చింది. కొట్టడం అంతటితో ఆగిపోలేదన్నది వేరే సంగతి. కంపెనీ పాలన తీసివేసి రాణి ప్రభుత్వమే నేరుగా బాధ్యత తీసుకోవాలని కూడా శెట్టిగారి సంఘం పార్లమెంటుకు విన్నవించింది. తిరుగుబాటు అనంతరం 1858లో అదీ జరిగింది.

ఒకప్పుడు రాజద్రోహిగా అనుమానించిన ప్రభుత్వమే తరవాత ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చింది. 1863లో మద్రాసు శాసనసభకు నియమించింది. అప్పటికి వయసు మీద పడింది, వ్యాపారం పలచబడింది. పత్రిక ఖర్చు, సంఘం ఖర్చు, మహజర్ల ఖర్చు చాలావరకు ఆయన పెట్టె నుంచే పోయింది. లెక్కలు చూసుకునే కులవృత్తిలో పుట్టినవాడు ఆ లెక్క మాత్రం చూసుకోలేదు. 1868లో లక్ష్మీనరసు శెట్టి కన్నుమూసే నాటికి ఆయన దగ్గర మిగిలింది స్వల్పం. ఆయన పోయాక సంఘం కూడా చాలా ఏళ్ళు మూలపడింది. 1884లో అదే మద్రాసులో మహాజన సభ పేరుతో కొత్త సంఘం మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవారిలో చిత్తూరు ప్రాంతపు తెలుగు వకీలు పనప్పాకం ఆనందాచార్యులు ఒకరు.