పోకతోటలను కాచిన కోల్మన్

డాక్టర్ లెస్లీ కోల్మన్ 1878లో కెనడాలో జన్మించారు. 1908లో మైసూరు సంస్థానానికి శిలీంధ్ర, కీటక శాస్త్రవేత్తగా విచ్చేశారు. ఆనాడు మలెనాడు పోకతోటలను కొళెరోగం పీడించేది. వానకాలంలో లేతకాయలు కుళ్ళి రాలి, రైతు ఏడాది శ్రమ మట్టిపాలయ్యేది. గెలలకు తొడుగులు కట్టడమే వారెరిగిన ఉపాయం.

కోల్మన్ రోగకారక శిలీంధ్రాన్ని కూలంకషంగా పరిశోధించి, 1910లో ఫలితాలను ప్రకటించారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని వర్షాలకు ముందే గెలలపై చల్లడం రైతులకు నేర్పించారు. 1913లో హెబ్బాళలో వ్యవసాయ పాఠశాల వెలసింది. వ్యవసాయ శాఖ డైరెక్టరుగా పనిచేసి 1934లో పదవీ విరమణ చేశారు; 1954లో కన్నుమూశారు.

1956లో బీదరు చేరినది ఆయన సేవించిన మైసూరు రాష్ట్రంలోనే. మలెనాడు పోకరైతు నేటికీ తొలకరికి ముందు ఆ మందునే చల్లుతున్నాడు. విద్యకు సార్థకత పొలంలోనే కదా!