లెస్ ఏమ్స్: వికెట్ల వెనుక నిలిచి వంద శతకాలు సాధించిన వృత్తి ఆటగాడు

డర్బన్ నగరంలోని కింగ్స్‌మీడ్ మైదానం మన పాఠకులలో చాలామందికి పరిచయమైనదే. 1939 మార్చి 14న ఆ మైదానంలో ఒక టెస్టు మ్యాచ్ వర్షం వల్ల ఆగిపోయింది. దక్షిణాఫ్రికాపై గెలవడానికి ఇంగ్లండ్‌కు ఇంకా 42 పరుగులే కావాలి. కాని ఆటగాళ్లు కేప్‌టౌన్ వెళ్లి స్వదేశానికి ఓడ ఎక్కవలసి ఉంది. అందువల్ల పన్నెండు రోజుల పాటు సాగిన ఆ మ్యాచ్ ఫలితం తేలకుండానే ముగిసింది. అప్పుడు 17 పరుగులతో అజేయంగా ఉన్న ఆటగాడు లెస్ ఏమ్స్. ఆయన ఆడిన చివరి టెస్టు అదే.

ఆ రోజులలో దక్షిణాఫ్రికా జట్టులో తెల్లవారికి తప్ప ఇతరులకు స్థానం లేదు. 1860 నుండి చెరకు తోటలకు వచ్చిన మన పూర్వీకుల పిల్లలు, మనుమలు కూడా క్రికెట్ ఆడేవారు. అయితే వారు వేరుగా సంఘాలు కట్టుకొని, వేరు పోటీలలో ఆడుకోవలసి వచ్చేది. ఏమ్స్ జీవితాన్ని మనం తెలుసుకోవడానికి ఇది ఒక కారణం. ఆయన కూడా తన దేశంలో క్రింది మెట్టు మీద నుండి మొదలుపెట్టినవారే. కాని ఆయన ముందు ఎక్కడానికి ఒక నిచ్చెన ఉండేది.

లెస్లీ ఎథెల్‌బర్ట్ జార్జ్ ఏమ్స్ 1905 డిసెంబరు 3న ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో, ఈలమ్ అనే గ్రామంలో జన్మించారు. సమీపంలోని ఫోక్‌స్టన్ పట్టణంలో హార్వీ గ్రామర్ పాఠశాలలో చదువుకున్నారు. బాల్యం నుండి ఆయనకు బ్యాటింగ్ మీదనే మక్కువ. కెంట్ జట్టు మాజీ ఆటగాడు జెర్రీ వీగల్ ఆయనను చూసి, బ్యాటింగ్‌తో పాటు వికెట్ కీపింగ్ కూడా నేర్చుకోమని ప్రోత్సహించారు. ఆ సలహా ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1926లో ఆయన కెంట్ తరఫున మొదటి మ్యాచ్ ఆడారు.

అప్పటి ఇంగ్లండ్ క్రికెట్‌లో ఆటగాళ్లు రెండు వర్గాలుగా ఉండేవారు. సంపన్న కుటుంబాల నుండి వచ్చి, జీతం తీసుకోకుండా ఆడేవారిని అమెచ్యూర్లు అనేవారు. జీతానికి ఆడేవారు వృత్తి ఆటగాళ్లు. ఒకే జట్టులో ఆడుతున్నా చాలా మైదానాలలో వీరికి దుస్తులు మార్చుకునే గదులు వేరు, లోనికి వచ్చే దారులు వేరు. స్కోరు పట్టికలో సైతం అమెచ్యూరు పేరుకు ముందు పొడి అక్షరాలు ఉంటే, వృత్తి ఆటగాడికి అవి పేరు వెనుక ఉండేవి. నాయకత్వం సాధారణంగా అమెచ్యూరుకే దక్కేది. ఈ భేదం 1962లో గాని రద్దు కాలేదు. ఏమ్స్ వృత్తి ఆటగాడు.

కెంట్ జట్టులో ఆయనకు ఒక గొప్ప తోడు దొరికింది. టిచ్ ఫ్రీమన్ అనే ఆ బౌలరు ఎత్తు అయిదడుగుల రెండు అంగుళాలు మాత్రమే. ఆయన లెగ్ స్పిన్ వేసేవారు. 1928లో ఒక్క సీజన్‌లోనే 304 వికెట్లు తీశారు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అటువంటి బౌలరుకు కీపింగ్ చేయడం సులభమైన పని కాదు. కీపరు వికెట్లకు అతి దగ్గరగా నిలబడాలి. బంతి ఎటు తిరుగుతుందో బౌలరు చేతిని చూసే పసిగట్టాలి. బ్యాట్స్‌మన్ దేహం అడ్డు వచ్చి, బంతి క్షణకాలం కంటికి కనబడదు. బ్యాట్స్‌మన్ ముందుకు వచ్చి బంతిని తప్పిపోతే, అతడు గీతలోకి తిరిగి వచ్చేలోగా బంతిని అందుకొని వికెట్లను పడగొట్టాలి. దీనినే స్టంపింగ్ అంటారు. ఏమ్స్ ఈ విద్యలో ఆరితేరారు.

1928, 1929, 1932 సీజన్లలో ఆయన వెయ్యికి పైగా పరుగులు చేస్తూ, వికెట్ల వెనుక వందమందికి పైగా బ్యాట్స్‌మెన్‌ను ఔట్ చేశారు. ఈ రెండు ఘనతలను ఒకే సీజన్‌లో సాధించినవారు ఆయన కాక చరిత్రలో మరొక్కరే ఉన్నారు. 1957లో ఆ పని చేసిన ఆ కీపరు జాన్ మరే. 1929లో ఏమ్స్ ఔట్ చేసినవారి సంఖ్య 128. 1932లో ఆయన చేసిన స్టంపింగులు 64. ఈ రెండూ ఇప్పటికీ రికార్డులే.

అంతకు ముందు కీపరును ఎక్కువగా చేతి తొడుగుల నేర్పు చూసే ఎంపిక చేసేవారు. అతడు చేసే పరుగులు అదనపు లాభం మాత్రమే. ఇంగ్లండ్ జట్టులో ఏమ్స్‌కు పోటీగా లాంకషైర్ కీపరు జార్జ్ డక్‌వర్త్ ఉండేవారు. కీపరుగా డక్‌వర్త్ మిన్న అని భావించినవారు చాలామంది. అయినా కాలక్రమాన ఇంగ్లండ్ ఎంపికదారులు ఏమ్స్ వైపే మొగ్గారు. బ్యాట్‌తోనూ, తొడుగులతోనూ ఒక్కరే రెండు ఉద్యోగాలు చేయగలరని ఆయన నిరూపించారు. నేడు ప్రతి జట్టూ కీపరు నుండి పరుగులు ఆశిస్తున్నదంటే, ఆ మార్గంలో మొదటి అడుగులు వేసినవారిలో ఏమ్స్ ముఖ్యులు.

ఆయన టెస్టు జీవితం 1929లో లండన్ నగరపు ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాపైనే ఆరంభమైంది. మొదటి ఇన్నింగ్స్‌లో పరుగులేమీ రాలేదు. కాని మరుసటి సంవత్సరమే వెస్టిండీస్‌లో రెండు శతకాలు సాధించారు. వాటిలో కింగ్‌స్టన్‌లో చేసిన 149 పరుగులే టెస్టులలో ఆయన అత్యధిక స్కోరు. ఆ మ్యాచ్ కూడా కాలపరిమితి లేనిదే. విచిత్రంగా అది కూడా ఓడ ప్రయాణం వల్లనే ఫలితం లేకుండా ముగిసింది.

1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తన తొలి టెస్టు ఆడింది. భారత నాయకుడు సి.కె. నాయుడు. ఆయన నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆ రోజు ఇంగ్లండ్ పక్షాన వికెట్ల వెనుక నిలిచినవారు ఏమ్స్. మొదటి ఇన్నింగ్స్‌లో ఆయన 65 పరుగులు చేసి తన జట్టును ఆదుకున్నారు. భారత మొదటి ఇన్నింగ్స్‌లో అత్యధికంగా 40 పరుగులు చేసినవారు నాయుడు.

ఆ తరువాతి శీతకాలంలో ఆస్ట్రేలియాలో జరిగిన, బాడీలైన్ పేరుతో వివాదాస్పదమైన సిరీస్‌లో అయిదు టెస్టులలోనూ ఏమ్స్ కీపింగ్ చేశారు. 1933 సీజన్‌లో 3,058 పరుగులు సాధించారు. తాను చదువుకున్న ఫోక్‌స్టన్ పట్టణంలోనే ఒక ఇన్నింగ్స్‌లో 295 పరుగులు చేశారు. 1934లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియాపై 120 పరుగులు చేసి, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టులలో శతకం చేసిన మొదటి వికెట్ కీపరుగా నిలిచారు. మొత్తం 47 టెస్టులలో 8 శతకాలతో 2,434 పరుగులు చేశారు. సగటు 40.56.

డర్బన్ టెస్టు ముగిసిన కొద్ది నెలలకే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఏమ్స్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో చేరి స్క్వాడ్రన్ లీడర్ హోదా పొందారు. యుద్ధం తరువాత వెన్నునొప్పి వల్ల కీపింగ్ బాధ్యతను గాడ్‌ఫ్రీ ఎవాన్స్‌కు వదలి, బ్యాట్స్‌మన్‌గా కొనసాగారు. 1950 ఆగస్టులో కాంటర్‌బరీలో మిడిల్‌సెక్స్ జట్టుపై 131 పరుగులు చేసి, తన నూరవ శతకాన్ని పూర్తి చేశారు. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు. 1951లో ఆట విరమించే నాటికి ఆయన ఖాతాలో 102 శతకాలు, 37,000కు పైగా పరుగులు ఉన్నాయి. వికెట్ కీపరుగా పేరొందినవారిలో నూరు శతకాలు చేసినది ఆయన ఒక్కరే.

ఆట ముగిసిన తరువాత కూడా ఆయన ఎదుగుదల ఆగలేదు. 1950లో ఇంగ్లండ్ ఎంపిక సంఘంలో సభ్యులయ్యారు. వృత్తి ఆటగాడికి అంతటి బాధ్యత దక్కడం ఆనాడు అరుదు. తరువాత కెంట్ క్లబ్బుకు కార్యదర్శిగా, మేనేజరుగా 1974 వరకు పనిచేశారు. ఆయన కాలంలోనే కెంట్ జట్టులోకి బార్బడోస్ నుండి జాన్ షెపర్డ్, హైదరాబాదులో పుట్టి పాకిస్తాన్‌కు ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ వచ్చారు. 1970లో కెంట్ కౌంటీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. 1913 తరువాత ఆ జట్టుకు అదే మొదటి విజయం. 1975లో ఆయన కెంట్ క్లబ్బు అధ్యక్షులయ్యారు. ఒకనాడు జీతం తీసుకొని ఆడిన క్లబ్బుకే అధ్యక్షుడు కావడం చిన్న విషయం కాదు.

ఆయన జీవితం మన దేశ చరిత్రను మరొకసారి తాకింది. 1968లో ఇంగ్లండ్ జట్టు దక్షిణాఫ్రికాకు రావలసి ఉంది. కేప్‌టౌన్‌లో పుట్టిన బాసిల్ డి ఒలివేరాను ఇక్కడి ప్రభుత్వం కలర్డ్ వర్గంలో చేర్చింది. స్వదేశంలో అవకాశం లేక ఆయన ఇంగ్లండ్ చేరి, ఆ దేశపు జట్టులో ఆడుతున్నారు. ఆయన ఉన్న జట్టును అంగీకరించబోమని ప్రధాని ఫోర్‌స్టర్ ప్రకటించడంతో పర్యటన రద్దయింది. దానికి బదులుగా ఆ జట్టు సిలోన్‌కు, పాకిస్తాన్‌కు వెళ్లింది. జట్టు మేనేజరు లెస్ ఏమ్స్. ఢాకాలో జరిగిన టెస్టులో డి ఒలివేరా 114 పరుగులతో అజేయంగా నిలిచారు. కరాచీ టెస్టులో అల్లర్లు చెలరేగి ఆట నిలిచిపోయినప్పుడు, కెంట్ కీపరు అలన్ నాట్ 96 పరుగుల వద్ద ఉన్నారు. ఏమ్స్, ఎవాన్స్‌ల తరువాత కెంట్ నుండి ఇంగ్లండ్ వికెట్ల వెనుకకు చేరిన మూడవ గొప్ప కీపరు ఆయన.

ఏమ్స్ 1990 ఫిబ్రవరి 27న కాంటర్‌బరీలో మరణించారు. అదే నెల 11న నెల్సన్ మండేలా చెర నుండి విడుదలయ్యారు. మరుసటి సంవత్సరం దక్షిణాఫ్రికాలోని వేర్వేరు క్రికెట్ సంఘాలు ఒకే సంఘంగా కలిశాయి. జీతగాడిగా వచ్చి అధ్యక్ష పీఠానికి చేరిన ఏమ్స్ కృషిని మనం నిండు మనస్సుతో గౌరవించాలి. అంతే నేర్పు ఉండి కూడా, 1939లో కింగ్స్‌మీడ్ జట్టులో అడుగుపెట్టే అర్హతే లేదనిపించుకున్న మన తాతముత్తాతలను కూడా అదే సమయంలో తలచుకోవాలి. వారి పేర్లు ఏ స్కోరు పుస్తకంలోనూ దొరకకపోవచ్చు. మీ ఇంటి పెద్దలలో ఎవరైనా ఆ రోజులలో బ్యాటు పట్టి ఉంటే, వారి కథను అడిగి తెలుసుకొని, తెలుగులోనే వ్రాసి పెట్టండి.