మట్టిలో పుట్టిన కారు

పల్లెటూళ్ళో పుట్టిన మనలో చాలామందిమి చిన్నప్పుడు రేగడి మట్టి పిసికి ఎద్దులూ, బండీ చేసినవాళ్ళమే. మర్నాటికి ఎద్దు కాలు విరిగేది, బండి నెర్రెలిచ్చేది. అదంతా ఆట అనుకుని మర్చిపోయాం. ఆ ఆటను పెద్దయ్యాక కూడా వదలకుండా, దానితోనే ఒక మహా పరిశ్రమ రూపురేఖలు మార్చిన మనిషి ఉన్నాడు. ఆయన పేరు హార్లీ ఎర్ల్.

స్కేల్ మోడళ్ళు కట్టే సరదా ఉన్నవారికి అమెరికా మజిల్ కార్లంటే ప్రాణం. మధ్యరకం కారు ఒంట్లో పెద్ద కారు ఇంజను పెడితే అది మజిల్ కారు. 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.నే తీసుకోండి. అందులో 389 ఘనపుటంగుళాల వి-8 ఇంజను. కారు పొడవు 203 అంగుళాలు. 25వ వంతు ప్లాస్టిక్ నమూనాలో అది 8 అంగుళాల పైచిలుకు. పొడవు 25వ వంతయితే ఉపరితలం 625వ వంతు, ఘనపరిమాణం 15,625వ వంతు అవుతుంది. రంగు కాస్త మందంగా పడిందా, తలుపు గీతలు పూడిపోతాయి. అందుకే మోడల్ కట్టేవాడు పల్చటి పూత మీద పల్చటి పూత వేస్తాడు. ఇంత ఓపికగా పెద్ద కారును చిన్నది చేస్తున్నామని అతని ఆనందం. కానీ ఆ పెద్ద కారు కూడా మొదట నమూనాగానే పుట్టింది. రేకు కాకముందు అది మట్టి. ఆ పద్ధతిని జనరల్ మోటార్స్ కంపెనీలో నాటినవాడు ఎర్ల్.

ఆయన 1893 నవంబరు 22న కాలిఫోర్నియాలోని హాలీవుడ్‌లో పుట్టాడు. తండ్రి గుర్రబ్బళ్ళు కట్టే పనివాడు. కార్లొచ్చాక ఆయన కార్లకు ఒళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఎర్ల్ చిన్నతనంలో వేసవి విడిదికి వెళ్ళినచోట, వానకు తడిసిన మట్టితో బొమ్మకార్లు చేసేవాడని చెబుతారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని చదువు పూర్తికాలేదు. తండ్రి షెడ్డే ఆయనకు అసలు కాలేజీ అయింది. ఫ్యాటీ ఆర్బకిల్, టామ్ మిక్స్ వంటి సినిమా తారలకు అక్కడ ప్రత్యేకమైన కార్లు తయారయ్యేవి. 1919లో కాడిలాక్ డీలరు డాన్ లీ ఆ షెడ్డును కొనేసినా, కుర్ర ఎర్ల్‌ను మాత్రం వదులుకోలేదు.

ఆ రోజుల్లో కారు ఒంటిని చెక్కతోనూ రేకుతోనూ నేరుగా కట్టేవారు. ఇంజను ఒకరిది, టాపు ఇంకొకరిది, మడ్‌గార్డులు మరొకరివి అన్నట్టుండేది వాలకం. ఎర్ల్ మాత్రం ముందు మట్టితో మొత్తం కారును ఒకే ముద్దగా చూసుకునేవాడు. కాడిలాక్ పెద్ద లారెన్స్ ఫిషర్ ఆ పని కళ్ళారా చూసి ఆయన్ను డెట్రాయిట్ రప్పించాడు. అలా 1927లో లా సాల్ కారు వచ్చింది. అది జనానికి నచ్చింది. అదే ఏడు కంపెనీ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్ కార్ల అందం కోసమే ఒక శాఖ తెరిచి, సుమారు 50 మందిని ఇచ్చి ఎర్ల్ చేతిలో పెట్టాడు. ఇంజనీర్లు మొదట్లో వాళ్ళను బొమ్మలేసుకునే కుర్రాళ్ళ కింద జమకట్టి నవ్వుకున్నారు.

ఇక్కడ మన కెమిస్ట్రీ కాస్త అవసరం. మన రేగడి ఎందుకు పగులుతుంది? అందులోని నీరు ఆరిపోయి మట్టి కుంచించుకుపోతుంది గనక. కార్ల నమూనాలకు స్థిరపడిన మట్టిలో నీటికి బదులు నూనె, మైనం ఉంటాయి. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నెలలు గడిచినా నెర్రెలివ్వదు. కొయ్యచట్రం మీద దాన్ని దట్టించి, బరికి, నునుపు చేస్తారు. ముందు చిన్న నమూనా, అది నచ్చితే అసలు కారంత నమూనా. ఒక గీత అర అంగుళం దిగాలంటే చెక్కేస్తారు, ఎక్కాలంటే మరికాస్త మట్టి దట్టిస్తారు. రేకు మీద ఆ సదుపాయం లేదు. ఎర్ల్ తానే గొప్పగా బొమ్మలు గీయగలిగినవాడేమీ కాదు. ఆయన బలమంతా కంటిలో ఉంది.

ఆ అర అంగుళం విలువ 1929లో ఆయనకు బాగా తెలిసొచ్చింది. ఆ ఏటి బ్యూయిక్ కారు కిటికీల కింద కాస్త ఉబ్బెత్తుగా ఉండాలని ఎర్ల్ ఆలోచన. ఆయన చెప్పినదాన్ని బట్టి, తయారీలో కింది భాగాన్ని లోపలికి లాగారు, ఎత్తు పెంచారు. దానితో కారు నిండు చూలాలిలా ఉందని జనం నవ్వారు. అమ్మకాలు పడిపోయాయి. నమూనా ఎంత బాగున్నా చివరిదాకా కాపలా లేకపోతే చేను గట్టు దాకా వచ్చి పోయినట్టే అన్నమాట.

ఆ దెబ్బతో ఆయన మానుకోలేదు, ఇంకా పట్టుదల పెంచాడు. 1938లో బ్యూయిక్ వై-జాబ్ చేయించాడు. అమ్మడానికి కాదు, రాబోయే కార్లు ఎలా ఉండాలో చూపడానికి. దాన్ని తానే వాడుకున్నాడు. 1940లో కంపెనీ ఉపాధ్యక్షుడయ్యాడు. పి-38 యుద్ధవిమానం తోకను చూసి ముచ్చటపడి, ఆ పోలిక 1948 కాడిలాక్‌కు తెచ్చాడు. 1953లో ఫైబర్‌గ్లాస్ ఒంటితో కార్వెట్ వచ్చింది. ఆ ఏడు తయారైనవి 300 మాత్రమే. 1958 చివర ఆయన పదవీ విరమణ చేశాడు. జి.టి.ఓ. ఆయన వెళ్ళాక వచ్చినదే, దాని గీతలు ఆయనవి కావు. కానీ అది పుట్టిన పురుడుగది ఆయన కట్టిందే. 1969 ఏప్రిల్ 10న ఫ్లోరిడాలో కన్నుమూశాడు.

ఇంకో సంగతి మన వయసువాళ్ళు తెలుసుకోవాలి. ఆ కంపెనీలోని ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 దాకా కుర్రవాళ్ళకు నమూనాల పోటీ నడిపింది. మొదట్లో పాతకాలపు రాచబండి నమూనా చెయ్యాలి. తర్వాత సొంతంగా ఊహించిన కారును 12వ వంతు కొలతలో చేసి పంపేవారు. గెలిచినవాళ్ళకు కాలేజీ చదువుకు డబ్బిచ్చేవారు. వాళ్ళలో కొందరు కార్ల రూపశిల్పులుగా స్థిరపడ్డారు. చేత్తో బొమ్మ చేసుకున్న పిల్లవాడికి ఆ బొమ్మే చదువు పెట్టిందన్నమాట! మనం నాలుగేళ్ళు ల్యాబులో రీడింగులు రాసుకుంటాంగాని, మన చేత్తో ఒక వస్తువు చేసి ఇదిగో అని చూపించినవాళ్ళం ఎందరం?

అయితే ఎర్ల్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగక్కర్లేదు. ఏటేటా కారు వేషం మార్చి, నిరుటి కారు మీద మోజు తీర్చెయ్యడం కూడా ఆయన విద్యలో భాగమే. ఎడ్లబండిని తాత నుంచి మనవడి దాకా వాడుకునే ఇంట్లో పెరిగినవాడికి ఇది మింగుడుపడదు. బరువు, క్రోము, తోకలు పెరిగి పెట్రోలు తాగే కార్లు తయారయ్యాయి. 1973లో చమురు సంక్షోభం వచ్చేసరికి ఆ జోరుకు కళ్ళెం పడింది. అప్పటికే బీమా ఖర్చులు, పొగ నిబంధనలు మజిల్ కార్ల నడుం వంచాయి.

కాబట్టి ఆయన దగ్గర ఆ దుబారా వదిలేసి పని నేర్చుకుందాం. తప్పు చేయదలిస్తే మట్టిలో చెయ్యాలి, అక్కడ దిద్దుకోవచ్చు. రేకులో చేసిన తప్పును ఊరంతా చూస్తుంది. మనకీ కాలేజీ రోజులు మట్టి దశే. ఇంకా గట్టిపడలేదు. చల్లారేలోగా చేతులు పెట్టి ఏదో ఒకటి చేసి చూద్దాం.